మోదుగ చెట్టు కింద పది ఆదివారాలు

ఫిబ్రవరి 2, 2025

అచ్చంపేట దాటి మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లే దారిలో, చెరువు కట్ట దిగగానే కుడి పక్కన ఒక మోదుగ చెట్టు ఉంది. అమ్మమ్మ బతికున్న రోజుల్లో ఏటా ఈ చెట్టు ఆకులే కోసుకొచ్చి, ఈనుపుల్లలతో విస్తళ్లు కుట్టేది. ఈ వసంతంలో పది ఆదివారాలు దీని కిందే గడపాలని నిర్ణయించుకున్నాను.

మూడేళ్లుగా కెమెరా భుజాన వేసుకుని తిరుగుతున్నాను. ఇటు నల్లమలలో ఫరహాబాద్ దాకా, అటు కొల్లేరు దాకా వెళ్లి వచ్చాను. డిస్కు నిండా పక్షులే. కానీ వాటిలో ఏ ఒక్క పక్షి గురించి అయినా నాలుగు మాటలు చెప్పమంటే తడుముకుంటాను. కనిపించింది, తీశాను, ఎగిరిపోయింది. అందుకే ఈసారి ఒకటే చెట్టు, ఒకటే ప్రశ్న. మోదుగ పూలకు ఎవరెవరు వస్తారు? వచ్చినవాళ్లలో ఎవరి వల్ల కాయ కడుతుంది? జవాబు ఫొటోలలోనే వెతకాలి.

ఇవాళ పూలు లేవు. ఆకులు సగం రాలాయి, మిగిలినవి అట్టముక్కల్లా గలగలమంటున్నాయి. కొమ్మల చివర ముదురు గోధుమ రంగు మొగ్గలు గుత్తులుగా పుట్టాయి, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉన్నాయి. సూర్యుడు చెరువు వైపు నుంచి లేస్తాడు కాబట్టి, వెలుగు నా వీపు మీద పడాలంటే నేను కట్ట వైపే కూర్చోవాలి. చెట్టుకు పన్నెండు అడుగుల దూరంలో సర్కారు తుమ్మ పొద ఒకటి ఉంది. చాటుకు అదే చోటు.

ఫిబ్రవరి 9

నర్సరీల వాళ్లు పందిళ్లకు కట్టే ఆకుపచ్చ షేడ్‌నెట్ నాలుగు గజాలు కొని తెచ్చాను. తుమ్మ పొదకు కట్టి, లెన్సు పట్టేంత కంత కోసి, లోపల చిన్న ముక్కాలి పీట వేసుకున్నాను. మొదటి రెండు గంటలు ఒక్క పిట్ట రాలేదు. తప్పు నాదే, తెల్ల చొక్కాతో వచ్చాను. వల వెనక కూడా తెలుపు తెలిసిపోతుంది.

మేకలు తోలుకుంటూ వచ్చిన తాత కట్ట మీద ఆగి, వలలోకి వంగి చూశాడు.

“ఏం బిడ్డా, చెట్టుకు కాపలానా?”

“కాదు తాతా, పిట్టల కోసం.”

“పూలు రానీ. పిట్టలే నిన్ను చూడటానికి వస్తాయి.”

ఆయన చెప్పినట్టే మొగ్గలు ఇంకా విచ్చలేదు. కనీసం తొందర పడకూడదన్న సంగతి మాత్రం తెలిసింది.

ఫిబ్రవరి 16

పూసింది! చెట్టంతా కాదు, తూర్పు వైపు రెండు కొమ్మలు. దూరం నుంచి నిప్పు అంటుకున్నట్టుంది.

ఒక పువ్వు కింద రాలి ఉంటే అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. అయిదు రేకులు. ఒకటి వెనక్కి విరుచుకుని ఉంటుంది, రెండు పక్కలకు ఉంటాయి, మిగిలిన రెండూ కలిసి చిలుక ముక్కులా వంగి ఉంటాయి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు. ‘ఇది చిలుకా ఏమిటి?’ అని ఆ పేరులోనే ప్రశ్న ఉంది. ఆ ముక్కును వేలితో మెల్లగా విప్పితే లోపల పది కేసరాలు, వాటి మధ్య కీలం దాక్కుని ఉన్నాయి. పువ్వు అడుగున, నల్లటి గిన్నెలాంటి రక్షక పత్రాల దగ్గర తేనె. నాలుక చివర పెట్టి చూశాను, పలచని తీపి. అంటే తేనె ఒక చోట, పుప్పొడి ఒక చోట. తేనె కోసం వచ్చినవాడి ఒంటికి పుప్పొడి తగిలితేనే చెట్టు పని జరుగుతుంది. తగలకుండా తాగి వెళ్లేవాళ్లూ ఉండవచ్చు. నా ప్రశ్న మొత్తం ఈ రెండు చోట్ల మధ్య ఎడంలో ఉంది.

ఒక్క మాట ఇక్కడే రాయాలి. చదువు లేనివారు వాసన లేని కింశుకాల్లాంటివారని పాత శ్లోకం ఒకటి ఉంది. చిన్నప్పుడు బడిలో వల్లె వేశాను. ఇవాళ ఆ పోలిక నాకు అన్యాయంగా అనిపించింది. ఈ పువ్వు పిలుస్తున్నది పక్షులను. వాటికి వాసన అక్కర్లేదు, రంగు చాలు. ఆకులన్నీ రాల్చుకుని మరీ ఆ రంగును మైలు దూరానికి చూపిస్తున్న చెట్టులో లోపం ఏముంది?

ప్రపంచమంతటా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఈ ఏడాది 14 నుంచి 17 వరకు. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట ఉండి, చూసిన పక్షులన్నింటినీ లెక్క రాసి పంపాలి. చాటులోంచే రెండు జాబితాలు పంపాను. గోరింకలు, పిగిలిపిట్టలు, ఒక ఏట్రింత, చెరువులో తెల్లకొంగలు, కట్ట మీది కరెంటు తీగపై పాలపిట్ట. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూడాలని ఊరంతా వెతుకుతుంది. ఇవాళ అది గంటసేపు అక్కడే కూర్చుంది.

ఫిబ్రవరి 23

ఇవాళ్టి ఫొటోలు నూట నలభై. ఉంచుకున్నవి ఆరు.

తప్పు ఎక్కడుందో ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూసుకునే దాకా అర్థం కాలేదు. కెమెరా తెర మీద వెలుతురు సరిపోయినట్టే కనిపించింది. కానీ మోదుగ పువ్వు రంగులో ఎరుపు పాలు మరీ ఎక్కువ. మిగతా రంగులు సరిగ్గా ఉండగానే ఎరుపు ఒక్కటి హద్దు దాటిపోతుంది. రేకు మీద ఉన్న సన్నటి నూగు, ఈనెలు అన్నీ చెరిగిపోయి, పువ్వు ప్లాస్టిక్ ముక్కలా వస్తుంది. మొత్తం వెలుగు గ్రాఫు కాకుండా మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూడాలి, వెలుగు కొంచెం తగ్గించి తీయాలి. మోదుగ, బూరుగ, గుల్మొహర్ తీసేవాళ్లందరికీ ఇది పనికొస్తుంది. వచ్చే వారం నుంచి వెలుగును మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి పెడతాను.

ఉంచుకున్న ఆరింటిలో రామచిలుక ఉంది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో చెట్టుకు అంత నష్టం. పువ్వును గిన్నెతో సహా కొరికి, తేనె పిండుకుని, తొడిమ నుంచి తెంపి కింద పడేస్తుంది. అరగంటలో చెట్టు కింద ఎర్ర తివాచీ పరిచింది. చిలుక ముక్కులాంటి పువ్వును చిలుకే తుంచుతుంటే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 2

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. బుధవారం శివరాత్రి వెళ్లింది, ఇవాళ ఎనిమిదింటికే వలలో చెమటలు.

కానీ ఇప్పటిదాకా ఇదే అన్నింటికంటే మంచి రోజు. చెట్టు నిండుగా పూసింది. తేనెపిట్ట వచ్చింది.

మగపిట్ట మన బొటనవేలి కన్నా కాస్త పెద్దది, అంతే. దూరం నుంచి బొగ్గుముక్కలా నల్లగా ఉంటుంది. ఎండ సరైన కోణంలో పడ్డ క్షణంలో మాత్రం ఆ నలుపు ఊదాగా, నీలంగా, ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు రంగు పూత వల్ల కాదు, ఈకల లోపలి సన్నటి పొరల మీద వెలుగు విరగడం వల్ల. అందుకే పిట్ట తల తిప్పగానే ఆరిపోతుంది. షట్టర్ సెకనులో 2500వ వంతు దగ్గర పెట్టి, ఫోకస్ కంటి మీదే నిలిపి, తల నా వైపు తిరిగినప్పుడల్లా వరుసగా తీశాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో వంద శాతానికి పెంచి చూసినప్పుడు కనిపించింది. మొదటి ఫొటోలో ముక్కు మొదలు శుభ్రంగా ఉంది. పువ్వు రెక్కల్ని తోసుకుని వంగిన ముక్కును లోపలికి దూర్చింది. పడవలాంటి ఆ జంట రేకు విచ్చుకుంది. నాలుగో ఫొటోలో తల పైకెత్తింది. నల్లటి ముఖం మీద పసుపు నలక! గంధం బొట్టు చెరిగినట్టు. ఆ తర్వాతి ఫొటోలో అదే పిట్ట పక్క కొమ్మ మీది పువ్వులో అదే ముఖం పెట్టింది.

కుర్చీలోంచి లేచి ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. మా అమ్మ కళ్లజోడు తెచ్చుకుని చూసి, “ఇంత చిన్నది ఇంత పెద్ద చెట్టుకు పెళ్లి చేస్తోందా!” అంది. ఈ పనిని నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

మార్చి 9

ఇవాళ చెట్టు దగ్గర లేను. చుట్టాల ఇంట్లో శుభకార్యానికి గుంటూరు వెళ్లాల్సి వచ్చింది. తెల్లవారుజామునే ఉప్పలపాడు వెళ్లి వచ్చాను. ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, నల్లకంకణాలు కిక్కిరిసి ఉన్నాయి. పక్కనే ఇళ్లు, గేదెలు, స్కూటర్లు. వాటిని ఎవరూ అదిలించరు. నేను ఎక్కువ ఫొటోలు తీయలేదు. ఒక గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేప వెతుక్కోవడం మాత్రం తీశాను. చిత్రం ఏమిటంటే వేల పక్షుల మధ్య నిలబడి కూడా నా మనసు మా చెట్టు మీదే ఉంది. ఈ వారం ఏయే కొమ్మలు రాలాయో?

మార్చి 16

శుక్రవారం హోలీ. మా ఊళ్లో ఇప్పటికీ కొందరు మోదుగ పూలు నానబెట్టి, ఉడకబెట్టి రంగు తీస్తారు. చెట్టు కింది కొమ్మలు చాలావరకు ఖాళీ. పైకొమ్మలు చాలా ఉన్నాయి కనుక నాకేమీ దిగులు లేదు.

రెండు వారాల తేడాతో గోరింకలు, ఉడుతలు కూడా రంగంలోకి దిగాయి. వీటి లెక్క తేల్చడం కష్టం. ఉడుత కొమ్మ మీద తలకిందులుగా వేలాడి, రెండు చేతులతో పువ్వును లాక్కుని ముఖం మొత్తం అందులో దూర్చింది. కొన్ని పువ్వుల్ని కొరికింది, కొన్నింటిని వదిలేసింది. వదిలేసిన వాటి నుంచి తల తీసినప్పుడు మీసాల మీద పసుపు పొడి ఉంది. అంటే దాన్ని దొంగ అని కొట్టిపారేయడానికి లేదు, పెళ్లిపెద్ద అని పూర్తిగా నమ్మడానికీ లేదు. గోరింకలు మాత్రం ఒడుపుగా పక్క నుంచి ముక్కు దూర్చి తాగేస్తున్నాయి. నేను తీసిన గోరింకల ఫొటోలలో ఒక్కదాని ముఖం మీద కూడా పుప్పొడి కనిపించలేదు.

గులాబి గోరింకల గుంపు పదింటికి వచ్చింది. ఒళ్లు లేత గులాబి, తల, రెక్కలు నలుపు. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు ఇలా పూల మీద పడతాయి. పది నిమిషాలు చెట్టు సంత అయింది. ఎవరో విజిల్ ఊదినట్టు అన్నీ ఒక్కసారిగా లేచి వెళ్లిపోయాయి.

ఇవాళ ఇంకో పని చేశాను. చేతికందే కొమ్మ ఒకదానికి ఎర్ర నూలు దారం కట్టి, దాని మీద విచ్చిన పూలు, విచ్చబోయే మొగ్గలు లెక్క పెట్టాను. డెబ్బై ఒకటి. ఏప్రిల్‌లో ఆ కొమ్మకు ఎన్ని కాయలు నిలుస్తాయో చూడాలి. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద ఎందరో విద్యార్థులు, టీచర్లు ఒకే చెట్టును వారం వారం చూసి ఆకు, పువ్వు, కాయ ఎంత ఉందో రాస్తున్నారు. ఈ చెట్టు పేరును నేనూ అందులో నమోదు చేశాను.

మార్చి 23

కట్ట మీద గడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. నేను వెళ్లేసరికి మంట చెట్టు మొదలు దాకా వచ్చింది. తాత, నేను, దారిన పోయే ఇద్దరు పిల్లలు తుమ్మ మండలతో కొట్టి, చెరువు నీళ్లు చల్లి ఆర్పాం. మోదుగ బెరడు ఒక పక్క నల్లబడింది. నా వల సగం కాలిపోయింది.

మంట ఆరుతుండగా పొగలోంచి మిడతలు, పురుగులు ఎగురుతుంటే ఏట్రింతలు వాటి మీద పడ్డాయి. పాలపిట్ట కూడా తీగ దిగి వచ్చింది. దాని రెక్కల నీలం, వెనక బూడిద రంగు పొగ. కెమెరా మెడలోనే ఉంది. తీశాను. ఈ సీజన్‌లో అన్నింటికంటే అందమైన ఫొటో అదే, కానీ దాన్ని ఎవరికైనా చూపించాలంటే మనసు ఒప్పడం లేదు. ఆ గడ్డిలో కముజు పిట్టల జంట తిరగడం పోయిన వారమే చూశాను. అవి ఏమయ్యాయో తెలియదు. ఎండుగడ్డి కాలిస్తే కొత్త గడ్డి బాగా మొలుస్తుందని కాలుస్తారు. వసంతంలో నేల మీద గూడు పెట్టే పిట్టలన్నింటికీ అదే గడ్డి ఇల్లు. ఈ సంగతి పంచాయతీ సభ్యులకు ఫొటోలతో సహా చూపించి, వచ్చే ఏడాది కట్ట వరకైనా వదిలిపెట్టమని అడుగుతాను.

సాయంత్రం వేళ ఆడ తేనెపిట్ట వచ్చింది. పైన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, కింద పసుపు, మగదాని మెరుపు ఏమీ లేదు. పూల జోలికి పోలేదు. నల్లబడని వైపు బెరడు పగుళ్లలో సాలెగూళ్లు ఉంటే, ముక్కుతో చుట్టి చుట్టి, దూది పేనినట్టు ఒక ఉండ చేసుకుంది. గూడు కట్టేది ఆడపిట్టే. సాలీడు దారంతో ఎండుటాకులు, పీచు అతికించి వేలాడే సంచిలా కడుతుంది. అది ఎటు ఎగిరిందో చూశాను, వెంట వెళ్లలేదు. గూటి దగ్గరకు మనిషి అలవాటుగా వెళ్తే కాకి కనిపెడుతుంది, పిల్లలు బతకవు. ఇంటర్‌నెట్‌లో గూళ్ల ఫొటోలకు ఎంత మెచ్చుకోలు వచ్చినా సరే, గూడు తీయకూడదన్నది నా నియమం.

మార్చి 30

ఉగాది. అమ్మ చేసిన పచ్చడి సీసాలో పోసుకుని ఉదయమే బయలుదేరాను. వేపపూత కొత్తది, మామిడి మా పెరటిది. చెట్టు కింద తాతకూ పెట్టాను.

పూలు చివరికి వచ్చాయి. నేలంతా ఎండిన నారింజ రంగు. చెరువు అవతలి చింతతోపులో కోయిల అయిదింటి నుంచీ ఆపకుండా కూస్తోంది. కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో, చాటుమాటుగా కాకి గూళ్ల కేసి చూస్తుంటుంది. కవులంతా ఆడకోయిల పాడినట్టు రాశారు కానీ మన చెవిలో ఇంతకాలం పడింది మగగొంతే.

చెరువు నీరు తగ్గి బయటపడ్డ గులకరాళ్ల నేల మీద నడుస్తుండగా తీతువ పిట్టల జంట ఒక్కసారిగా లేచి తల మీద అరుస్తూ తిరిగాయి. ఆగి, పాదం కదపకుండా చూశాను. నాకు నాలుగు అడుగుల దూరంలో నాలుగు గుడ్లు. గూడు అనడానికి ఏమీ లేదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంట. గుడ్ల రంగు, మచ్చలు రాళ్లతో కలిసిపోయి, కళ్ల ముందున్నా కనిపించవు. ఇంకో రెండు అడుగులు వేసి ఉంటే తొక్కేవాణ్ని. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, కట్ట ఎక్కి, దూరం నుంచి చూశాను. పది నిమిషాలకు ఒక పిట్ట నీటి అంచుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుంది. తిరిగి వచ్చి గుడ్ల మీద నిలబడింది. తడిని గుడ్లకు తాకించి, ఎండకు తానే గొడుగు పట్టింది. పొదగడమంటే వెచ్చగా ఉంచడమే అనుకున్నాను ఇన్నాళ్లూ. మన ఎండల్లో చల్లబరచడం కూడా పొదగడమే.

400 మిల్లీమీటర్ల లెన్సుతో కూడా ఫొటోలో పిట్ట గోరంతే వచ్చింది. అంతే చాలు. తాతకు చెప్పి మేకల దారి పక్కకు మళ్లించాం.

ఏప్రిల్ 5, 6

శనివారం రోళ్లపాడు వెళ్లాను, ఇద్దరు మిత్రులతో. నేల మీద తిరిగే అరుదైన పెద్ద పక్షులైన బట్టమేక పిట్టల కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి మైదానం అది. 614 హెక్టార్లు. ఆ పిట్ట నాకు కనిపించలేదు. కృష్ణజింకలు మాత్రం ముప్పై దాకా కనిపించాయి. నేలకు సమానంగా పడుకుని, మోచేతుల మీద కెమెరా పెట్టి తీస్తే జింక కళ్లు మన కళ్ల ఎత్తుకు వస్తాయి, వెనక గడ్డి బంగారు పొగలా కరిగిపోతుంది. జీపు మీద నిలబడి తీసిన నా పాత జింకల ఫొటోలన్నీ ఇప్పుడు చూస్తే వీపులే.

ఆదివారం శ్రీరామనవమి. పానకం తాగి చెట్టు దగ్గరకు చేరేసరికి పది దాటింది. పువ్వు ఒక్కటీ లేదు. కొమ్మల చివర లేత చిగుళ్లు మొలిచాయి, ఒక్కో తొడిమకు మూడేసి ఆకులు, రాగి రంగు కలిసిన ఆకుపచ్చ. అమ్మమ్మ విస్తళ్లకు కోసే ఆకు ఈ మూడింటిలో మధ్యది, అదే పెద్దది.

ఎర్ర దారం కట్టిన కొమ్మ దగ్గర నిలబడి లెక్క పెట్టాను. డెబ్బై ఒక్క పూలకు అయిదు కాయలు. మళ్లీ లెక్కపెట్టాను, అయిదే. చదునుగా, వెండి నూగుతో, చివర మాత్రం ఉబ్బుగా ఉన్నాయి. మోదుగ కాయలో ఉండేది ఒకే గింజ, అది చివరనే ఉంటుంది. మిగతా కాయంతా గాలికి ఎగరడానికి తెరచాప.

తేనెపిట్ట ఎక్కువగా తిరిగిన పైకొమ్మను లెన్సుతో చూసి లెక్క పెట్టబోయాను, కానీ చిగుళ్లు అడ్డం వచ్చాయి. వచ్చే ఏడాది రెండు కొమ్మలకు దారం కట్టాలి. ఒకటి తేనెపిట్టలు తిరిగేది, ఒకటి చిలుకలు మేసేది. అప్పుడు కానీ తేడా తెలియదు.

కాలిన వైపు బెరడు మీద ఎర్రగా జిగురు ఊరింది. దాన్ని దగ్గరగా ఒక ఫొటో తీసి, దారం విప్పకుండా వదిలేసి వచ్చాను. ఆ అయిదు కాయలు ఎండి రాలేదాకా కొమ్మ గుర్తుండాలి. తాత కూడా ఆ దారం మేకలకు అందకుండా చూస్తానన్నాడు.